పచ్చటి ఆకులో గోధుమ చుక్కలు

2023 వేసవి. కోలారు పక్కన తమక అనే ఊళ్లో, మొక్కల జబ్బులు పరీక్షించే చిన్న ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఒక ఉదయం మునుస్వామి అనే పెద్దాయన, ఆయన కోడలు లక్ష్మి రెండు టమాటా మొక్కలు గోనెసంచిలో చుట్టుకుని వచ్చారు. ఒకటి చిగురు మాడి, కాండం మీద నల్ల చారలతో వేలాడుతోంది. రెండోది పచ్చగా నిగనిగలాడుతోంది.

మునుస్వామిది ఆండర్సన్‌పేట. అక్కడి బంగారు గని మూతపడేదాకా భూమి లోపల పనిచేశాడు. కొడుకు చనిపోయాక, లక్ష్మి అన్న నాగరాజు బంగారుపేట దగ్గర తన పొలంలో ఒక ముక్క ఇస్తే, మామా కోడళ్లు టమాటా పెట్టారు. పక్కనే నాగరాజు తోట. అదీ టమాటానే.

మాడిన మొక్కకు స్ట్రిప్ పరీక్ష చేస్తే వైరస్ అని తేలింది. తామర పురుగులు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసే జబ్బు. దానికి మందు లేదు.

"ఇది బాగానే ఉండాది కదమ్మా?" అని మునుస్వామి పచ్చటి మొక్కను ముందుకు జరిపాడు.

దానికీ అదే ఫలితం. ఆయన నమ్మలేదు. అందుకని దాని ఆకొకటి తీసి డాబ్ స్టెయినింగ్ చేశాను. డాబ్ అనే రసాయనంలో ఆకును నానబెట్టి, ఆల్కహాల్‌లో వేడి చేసి పచ్చదనం తీసేస్తే, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిన చోటల్లా గోధుమ రంగు మిగులుతుంది. మర్నాడు వాళ్లు వచ్చి చూస్తే తెల్లబడిన ఆకు నిండా చుక్కలు.

"ఇవేంది?"

వైరస్ చొరబడగానే మొక్క కణం హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ నైట్రిక్ ఆక్సైడ్‌నూ పుట్టిస్తుందని, అవి రెండూ కలిసి ఆ కణాన్నే చంపుతాయని, వైరస్‌ను అక్కడే ఆపడానికి మొక్క చేసే ప్రయత్నమే అదని చెప్పాను. "కానీ వైరస్ ముందే దాటిపోయింది తాతా. కణాలు ఊరికే చస్తున్నాయి. తోటంతా పీకేయాలి. లేకపోతే నాగరాజు తోటకు అంటుకుంటుంది."

ఆయన ఆ ఆకును వెలుతురుకు ఎత్తి చూశాడు.

"అంటే లోపల ఇంగా కొట్లాడతా ఉండాయి."

"కొట్లాడినా బతకవు."

"గనిలో బండ పగిలి మా తమ్ముడు లోపల చిక్కుకున్నాడమ్మా. పైపు మీద కొడతా ఉండినాడు. మేము విన్నాము. ఇంగో బండ పడతాదని మమ్మల్ని పైకి రమ్మన్నారు. మేము వచ్చేటప్పుడు కూడా కొడతానే ఉండినాడు."

లక్ష్మి ఆయన చెయ్యి పట్టుకుంది. "మామా, అది చెట్టు. మనిషి కాదు."

"తెలుసమ్మా" అన్నాడు. కానీ పీకనివ్వలేదు.

కొన్నాళ్లకు లక్ష్మి ఫోన్ చేస్తే పొలానికి వెళ్లాను. ఆయన సాళ్ల మధ్య కూర్చుని, మాడిన కొమ్మలను మాత్రం తుంచి పక్కన పెడుతున్నాడు. లక్ష్మి పీకబోతే అడ్డంగా పడుకున్నాడట. నేనూ బతిమాలాను. ఆయన ఇంకో కొమ్మ తుంచాడు. గట్టు మీద నాగరాజు నిలబడి ఉన్నాడు. అతని తోటలోనూ చిగుళ్లు మాడడం మొదలైంది.

"పెద్దాయన్ని చెయ్యి పట్టుకోని ఎట్లా లాగేది మేడమ్? చెల్లెలి ముఖం చూసి ఊరికే ఉండినాను" అన్నాడు.

రెండు తోటలూ పోయాయి. చివరికి నాగరాజే ట్రాక్టర్ తెచ్చి దున్నించాడు. ట్రాక్టర్ పొలంలోకి దిగగానే మునుస్వామి ఎవరూ చెప్పకుండానే లేచి పక్కకు వచ్చేశాడట. నాగరాజు భూమి వెనక్కి తీసుకున్నాడు. అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు లేవు.

లక్ష్మి ఇప్పుడు రోజూ రైల్లో బెంగళూరు పోయి ఇళ్లలో పని చేస్తోంది. ఈమధ్య బంగారుపేట స్టేషన్లో కనబడితే మామ ఎట్లా ఉన్నాడని అడిగాను.

"తింటాడు, పడుకుంటాడు. తప్పు నాదే అంటాడు మేడమ్. యా తప్పో చెప్పడు."

తోట పీకేయమని రైతులకు ఇప్పటికీ చెబుతున్నాను. వేరే దారి లేదు. కణం ఎట్లా చస్తుందో రంగు వేసి చూపించగలను. అది చూసిన మనిషి మనసులో ఏం కదులుతుందో ముందుగా చెప్పే పరీక్ష మాత్రం మా దగ్గర లేదని ఆ వేసవిలో తెలిసింది. తెలిసినందువల్ల ఎవరికీ మేలు జరగలేదు.