షెడ్డు మావయ్య సందేహాలు

షెడ్డు మావయ్య దగ్గితే ఆగిపోయిన లారీ కదిలేది. సరే, లారీ కాదు, స్కూటరు. అదీ పల్లంలో నిలబెట్టినప్పుడు. కానీ వీధి మలుపు తిరిగే బండి చప్పుడు విని, ఏ బోల్టు వదులైందో కుర్చీలోంచే చెప్పేవాడన్నది మాత్రం అబద్ధం కాదు. అంతటి మెకానిక్కుకి ఒకటే పిచ్చి. బళ్ళ మరమ్మతుల గురించి ఫోనులో నడిచే ఒక పెద్ద గ్రూపులో చేరి, పసిపిల్లలు కూడా అడగని ప్రశ్నలు అడిగేవాడు.

"పెట్రోలు వడగట్టి పొయ్యాలా?"

"రోజంతా స్టాండు మీద నిలబెడితే బండికి కాళ్ళు లాగుతాయా?"

"వేడినీళ్ళ కాపడం పెట్టు తాతా" అని ఒక కుర్రాడు రాస్తే, "రోజుకెన్నిసార్లు బాబూ?" అని వినయంగా అడిగాడు.

ఇప్పుడు షెడ్డు నడిపే కోడలికి తల కొట్టేసినట్టుండేది. ఆడమనిషి చేతికి బండి ఇవ్వాలా అని తటపటాయించేవాళ్ళు చాలరన్నట్టు, ఇదొకటి.

"మావయ్యా, నిన్న ఒకాయన వచ్చి, 'బళ్ళకి కాళ్ళు లాగే షెడ్డు ఇదేనా' అని నవ్వి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ గ్రూపు మానకపోతే షెడ్డు మూసుకోవాల్సిందే."

"మానేస్తాలేమ్మా. ఇంకొక్క సందేహం ఉంది."

ఆయన ప్రశ్నలన్నీ ఏరి ముందు పెట్టి నిలదీద్దామని కోడలు ఫోను తీసుకుంది. తనూ ఆ గ్రూపులో ఉంది. ఒకసారి క్లచ్ గురించి ఏదో చెప్పబోతే, "మీ ఆయన చెప్పాడా?" అని అందరూ ఎగతాళి చేశారు. మళ్ళీ నోరెత్తలేదు.

కాళ్ళ ప్రశ్న కింద నవ్వులన్నీ దాటాక ఒక టీచరమ్మ కనిపించింది: "తాతగారే అడిగారు కదా, నేనూ అడుగుతాను. ఎత్తు ఎక్కేటప్పుడు నా బండి ఎందుకు ఆగిపోతోంది?" పెట్రోలు ప్రశ్న కింద ఒక రిటైరైన గుమస్తా. ప్రతి వెర్రి ప్రశ్న కిందా, అంతవరకూ గొంతు వినపడని ఆడవాళ్ళో, వయసు మళ్ళినవాళ్ళో.

అసలు మొదటి ప్రశ్న ఏమిటా అని కోడలు వెనక్కి జరుపుకుంటూ వెళ్ళింది. "క్లచ్ ఏ చేతి పక్కన ఉంటుంది?" గ్రూపులో అందరూ తనని ఎగతాళి చేసిన మర్నాడు అడిగినది.

కుర్చీలో కునుకు తీస్తున్న మనిషిని కొండను చూసినట్టు చూసింది. ఆయన బతుకంతా సంపాదించిన పేరు తీసి, బెదిరినవాళ్ళు అడుగుపెట్టడానికి చాపలా పరిచాడు.

టీచరమ్మకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. "గాలి ఫిల్టరు విప్పి చూడండి, దుమ్ము పట్టి ఉంటుంది" అని రాసి, కింద 'షెడ్డు కోడలు' అని పెట్టింది. సాయంత్రానికల్లా టీచరమ్మ స్కూటరు షెడ్డు ముందు ఆగింది. వెనకాల ఆవిడ స్నేహితురాళ్ళవి మరో రెండు.

"మావయ్యా, ఇదంతా కావాలనే చేశారు కదూ?"

"ఏదంతా?" అన్నాడు మావయ్య కళ్ళు విప్పకుండా. "నేనేం చెయ్యలేదు. తెలీక అడిగాను. ఆ మూడో బండికి సైలెన్సరు బోల్టు వదులైంది, చూడు."