ఆరు స్తంభాల ఆసుపత్రి

ఎల్బీనగర్ దాటాక లోపలికి వెళ్లే రోడ్డులో ఒక చిన్న సినిమా స్టూడియో ఉండేది. పదకొండేళ్లు అక్కడ బోర్డులు రాశాను. ఆ స్థలం మొదట ద్రాక్షతోట అనీ, తోట ఎండిపోయాక యజమాని షూటింగులకు షెడ్లు కట్టించాడనీ వాచ్‌మన్ చెప్పేవాడు. వాచ్‌మన్‌ది నల్గొండ దగ్గర పల్లె. లోపల నీళ్లు లేని ఫౌంటెన్, గేటుకు ఎదురుగా ఆరు స్తంభాల తెల్ల భవనం ఉండేవి. భవనమంటే ముందు గోడ, వరండా అంతే. వెనకంతా ఇనుప పైపులు. నేను బోర్డు మారిస్తే అది కోర్టు. ఇంకోటి తగిలిస్తే కాలేజీ.

ఒక వేసవిలో సీరియల్ కోసం దానికి ‘ప్రభుత్వ ఆసుపత్రి’ అని పెద్ద అక్షరాలతో బోర్డు రాసి తగిలించాను. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లారు. తెల్లకోటు వేసుకున్న జూనియర్ ఆర్టిస్టు ఒక్కడే వరండాలో కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. అంతలో ఒక ఆటో గేట్లోంచి దూసుకొచ్చింది. మీర్‌పేట్‌లో ఇల్లు కడుతున్న కూలీ ఒకతను భార్యను చేతుల మీద ఎత్తుకుని దిగాడు.

“సారూ, జర జూడుండ్రి. ఇటుకల కింద పాము కరిసింది.”

ఆర్టిస్టు ఎంగిలి చేత్తోనే లేచాడు. “నేను డాక్టర్ని కాదండీ. ఇది సినిమా సెట్టింగు.”

“గట్లనకు సారూ, కాళ్లు మొక్కుత.”

నేను నిచ్చెన పక్కన నిలబడే ఉన్నాను. ఆ అక్షరాలు రాసిన చెయ్యి నాదే.

వాచ్‌మన్ అరిచాడు: “ఏం జూస్తున్రు? మలక్‌పేట దవాఖానకు తీస్కపోండ్రి!”

సీరియల్ కంపెనీ వ్యాన్‌లో బయలుదేరాం. దిల్‌సుఖ్‌నగర్‌లో బండ్ల మధ్య ఇరుక్కున్నాం. ఆమె కళ్లు మూతపడుతుంటే ఆర్టిస్టు ఆపకుండా మాట్లాడించాడు. “అమ్మా, పిల్లలెంతమంది? పెద్దది ఏం చదువుతోంది?” కోటు విప్పడం అతను మరిచిపోయాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ అది చూసి, బండ్లను ఆపి మాకు దారిచ్చాడు.

ఆమె బతికింది.

పది రోజుల తర్వాత భర్త గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి సంచెడు బత్తాయిలు తెచ్చాడు. “డాక్టర్ సారు ఏడి?” అన్నాడు.

“ఆయన డాక్టర్ కాదని ఆ రోజే చెప్పాడుగా,” అన్నాను.

“నాకెరుకే. దారంత మా ఇంటిదాన్ని పండనియ్యకుండ మాట్లాడిచ్చిండు గదా. నేను గట్లనే పిలుస్త.”

ఆర్టిస్టుకు ఆ వారం పని లేదు. ఫోన్ కలిపి ఇచ్చాను. పండ్లు మమ్మల్నే తినమని ఆర్టిస్టు చెప్పాడట.

అప్పటినుంచి ఆసుపత్రి బోర్డును షాట్ మొదలయ్యే ముందు మాత్రమే ఎక్కించి, అవగానే దింపేసేవాణ్ని. ఆలస్యమవుతోందని డైరెక్టర్లు విసుక్కునేవారు. నేను పట్టించుకోలేదు.

నిరుడు స్థలం అమ్ముడైంది. ఆ ముందు గోడను కూల్చేస్తున్నారని, ఒక్క పూటలో అయిపోతుందని వాచ్‌మన్ ఫోన్ చేసి చెప్పాడు. ఆ పూట నేను కొత్తపేటలో ఒక బట్టల షాపు షట్టర్ మీద పేరు రాస్తున్నాను. సాయంత్రానికి రెండో కోటు రంగు వేయాల్సి ఉండటంతో వెళ్లలేదు.