ఓడదీపం మూత

అరవైల నాటి మాట. అనంతపురం నుంచి పామిడి వెళ్ళే బస్సులో నా పక్కన ఒక ముసలి సాయిబు కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర కొలిమితిత్తి పెట్టుకున్నాడు. ఊరూరా తిరిగి వంటగిన్నెలకు చిలుమెక్కకుండా తగరం కళాయి పూస్తాడట. సముద్రం ఒడ్డున మా చిన్న ఊళ్ళో మేం కొందరం చరిత్ర సంఘం పెట్టి పాత వస్తువులు పోగుచేస్తున్న రోజులవి. వాటిలో మేం ఎక్కువ గర్వపడే రాగిపళ్ళెం ఆవేళ నా ఒళ్ళో ఉంది; ఆ వైపు ఉన్న ఒక చరిత్ర పండితుడికి చూపిద్దామని తీసుకెళ్తున్నాను. దాని నిండా చిల్లులే.

"ఏమప్పా అది?" అన్నాడు.

"పూర్వం ఓడల్లో దీపానికి కప్పిన మూతండీ," అన్నాను, కాస్త గొప్పగానే.

ఆయన దాన్ని తిప్పి చూసి, గోటితో గీకాడు. "ఈడ కళాయి మిగిలుండాది సూడు. దీపానికి ఎవురన్నా కళాయి పూస్తారా? ఇది కుడుములు ఉడకబెట్టే పళ్ళెమప్పా!"

బస్సంతా నవ్వింది. నా ముఖం మాడిపోయింది. అది చూసి ఆయన నా భుజం తట్టాడు. "ఎందుకప్పా చిన్నబోతావు? ఓడ యాడికి పోయిందో ఎవురికి తెలుసు? ఇది ఎంతమంది కడుపు నింపిందో!"

అప్పుడు నాకూ నవ్వొచ్చింది. పామిడిలో ఆయన దిగిపోయాడు. ఆయన పేరైనా నేనడగలేదు.

ఊరికి వచ్చాక, మా సంఘం అధ్యక్షుడు సణుగుతున్నా వినకుండా, పళ్ళెం ముందున్న చీటీ మార్చి 'కుడుముల పళ్ళెం' అని రాశాను. ఎలా పొక్కిందో గాని, అంతవరకూ మా సంఘం గది గడప తొక్కని ఆడవాళ్ళు ఆ వారం పదిమంది దాకా వచ్చారు. ఒకామె కొంగుచాటు నుంచి తన అత్తగారి చిల్లుల గరిటె తీసి బల్లమీద పెట్టి, "దీని పేరూ రాయండి. ముందు నన్నడిగి రాయండేం!" అంది.