చిరుగు కనబడని ఫొటోలు

వీధిలో అందరికీ ఆవిడ రఫూ పిన్ని. చిరిగినచోట పోగు పోగూ కలిపి, నేతగాడే మళ్లీ వచ్చి నేసి వెళ్లాడా అనిపించేది. నలభై ఏళ్లపాటు లాండ్రీ ఆయన మూటలు పంపాడు. బట్టబట్టకీ గుండుసూదితో గుచ్చిన చీటీ, చీటీ మీద ఒక అంకె. ఆ బట్టల తాలూకు మనుషుల్ని పిన్ని ఎప్పుడూ చూడలేదు. సిగరెట్టు నిప్పు పడ్డ చొక్కా, సైకిల్ గొలుసు నమిలిన ప్యాంటు అంచు, మోచేతుల దగ్గర పలచబడ్డ కోటు. "ఈయన బల్లకి ఆనుకుని దేనికోసమో ఎదురుచూసే మనిషి," అనుకునేది. కిటికీలోంచి పొద్దుటి ఎండ వచ్చి ఒళ్లో కూర్చునేది. అది లేచి వెళ్లిపోయేదాకా పని.

లాండ్రీ ఆయనకు మోకాళ్లు అరిగాయి. కొట్టు మూసేశాడు. మూడు నెలలుగా మూట లేదు. పిన్ని సూదిలో దారం ఎక్కించేది, చూసేది, తీసేసేది.

"వేళ్లు మరిచిపోతున్నాయే," అంది ఒకరోజు కోడలితో. "ఇంకో మూడు నెలలిలాగే ఉంటే ఇక నేను సూది పట్టినా దండగే."

ఏ మాటైనా నవ్వుతూ చెప్పే మనిషి ఈ మాట నవ్వకుండా చెప్పింది. ఇంట్లోంచే ఏదో కంపెనీకి పనిచేసే కోడలు కంప్యూటరు మూసి ఇటు తిరిగింది.

"నెట్‌లో మీకో పేజీ పెడదాం అత్తయ్యా."

పిన్ని బాగుచేసిన ఇంటి బట్టలే నాలుగు తీసి, తెల్ల దుప్పటి మీద పరిచి కోడలు ఫొటోలు తీసింది. కింద ఫోన్ నంబరు, పని వేళలు. మర్నాటికే కబుర్లు మొదలయ్యాయి.

'కోటు ధర ఎంత? లావుపాటి భుజాలకు పడుతుందా?'

'స్వెటరు ఎన్నేళ్లు వాడారు?'

కోడలి మామయ్య పేపరు దించాడు. "నా కోటు అమ్మకానికి పెట్టారా? నన్నడగకుండానే?"

"పాత బట్టల కొట్టనుకున్నారు మామయ్యా!" కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏ ఫొటోలోనూ చిరుగన్నదే కనబడట్లేదు."

"కనబడితే నేను చేసిందేముంది?" పిన్నికి కోపమొచ్చింది.

"అసలు చిరిగిందని తెలియాలిగా అత్తయ్యా. ఈసారి వచ్చే బట్టని చిరిగి ఉండగానే ఫొటో తీద్దాం."

"ఒకరి చిరుగు ఊరందరికీ చూపిస్తానా? లాండ్రీ ఆయన కాగితంలో చుట్టి మరీ పంపేవాడు."

"అయితే మనదే ఏదో ఒకటి చిరగాలి," అంది కోడలు వేళాకోళంగా.

పిన్ని లేచి బీరువా తెరిచింది. పెళ్లయిన కొత్తలో మామయ్య తెచ్చిన బూడిదరంగు ఉన్ని శాలువా తీసింది. ఎన్ని చలికాలాలు దాటినా చిన్న కన్నమైనా పడనిది. కిటికీ దగ్గర కూర్చుని కత్తెర పెట్టింది. పొడి ఆకు విరిగినట్టు సన్నటి చప్పుడు.

"ఇప్పుడు తియ్యి ఫొటో."

మూడు ఉదయాలు పట్టింది. శాలువా అంచు మడతలోంచి పోగులు లాగి, ఒకదాని మీదుగా, ఇంకొకదాని కిందుగా పోనిస్తూ పిన్ని వేళ్లు నెమ్మదిగా దారి గుర్తుచేసుకున్నాయి. కోడలు ఫోన్‌ని ఆ చేతుల మీదే ఉంచింది. నాలుగో రోజు ఆ చోటెక్కడో మామయ్య చెప్పలేకపోయాడు. రెండుసార్లు తప్పు చోట వేలు పెట్టాడు.

వీడియో పెట్టిన వారానికి ఒక ఫొటో వచ్చింది. నీలం కోటు, జేబు పక్కన బొటనవేలంత కన్నం. కింద ఒక్క మాట: 'అవుతుందా?'

పిన్ని రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి చాలాసేపు చూసింది. "అవుతుందని చెప్పు. పోస్టులో వద్దు, ఎండ ఉన్నప్పుడు తెమ్మను. నేత చూడాలి."

"రేపు పదింటికి తనే వస్తుందట అత్తయ్యా."

పిన్ని గది చుట్టూ చూసింది. కిటికీ దగ్గర ఉన్నది ఒక్కటే కుర్చీ.

"లోపల్నించి ఇంకోటి తేవే. మనిషి వస్తోంది."