ఫుమియే తొందరపడిన చోటు

కురమోచి ఇంట్లో సీడీలకు జరిగిన మర్యాద మనుషులకు జరగలేదని ఆయన భార్య ఫుమియే అంటుండేది. అందులో అబద్ధమేమీ లేదు. నీగాత నగరంలో బస్సు నడిపినన్నాళ్ళూ ఆయన వాటిని కొంటూనే ఉన్నాడు. డబ్బా మీద చుట్టి వచ్చే కాగితప్పట్టీని కూడా నలగకుండా దాచేవాడు. ఇప్పుడు కూతురి ఇంటికి దగ్గరగా చిన్న వాటాలోకి మారాలి. అక్కడ ఇన్ని సీడీలు పట్టవు. అందుకని రోజూ పొద్దున్నే ఫుమియే ఫొటో ముందు వేడన్నం పెట్టి, గంట మోగించి, ఒక్కొక్క సీడీనీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు.

ఆమె పోయి మూడేళ్ళయింది. ఈమధ్య ఆయనకు ఒక భయం పట్టుకుంది. ఆమె గొంతు గుర్తుకు రావడం లేదు. అన్నం చల్లారిపోతోందని కేకేయడం గుర్తుంది, కేకేసిన గొంతే జారిపోయింది. ప్రపంచంలోని పాటలన్నీ పోగేసిన మనిషి భార్య గొంతు మాత్రం ఎక్కడా దాచుకోలేదు.

అడుగు అరలో ఒక సీడీ దొరికింది. ప్లాస్టిక్ పొర కూడా విప్పలేదు. ఫుమియే పాడిన పేట ఆడవాళ్ళ బృందగానం అది. ఏటా ఆకులు రాలే రోజుల్లో పౌరమందిరంలో కచేరీ చేసేవారు; అందులో ఒక ఏడాది రికార్డు చేసింది ఇది. తీరికైనప్పుడు వినమని ఆమె చేతికిచ్చింది. తీరిక లేక కాదు, పేటవాళ్ళ పాట ఏం వింటాంలే అనుకున్నాడు. కచేరీకి రమ్మంటే డ్యూటీ ఉందనేవాడు.

పొర కోసి సీడీ పెట్టాడు. అన్నిటి పేర్లూ దానంతటదే చెప్పిన కంప్యూటర్ దీనికి మాత్రం గాయకులెవరో తెలియదంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ మళ్ళీ విన్నాడు. ఒకటే నిండైన ధ్వని. అంతమంది ఆడవాళ్ళలో తన భార్య ఎవరో తెలియక సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు, బృందంలో ఫుమియే పక్కన నిలబడి పాడిన ఇగరాషిగారిని పిలిచాడు. ఆవిడ తెచ్చిన పెర్సిమన్ పళ్ళు ముందు ఫొటో దగ్గర పెట్టి, దణ్ణం పెట్టుకుని, ఆ తరువాతే కూర్చుంది. సంగతి విని నవ్వింది.

"ఇన్నాళ్ళకు విప్పారన్నమాట. ఆనవాలు పట్టకపోవడం మీ తప్పు కాదు లెండి. ఒక్క గొంతు విడిగా వినబడితే మా మేష్టారు చీల్చి చెండాడేవారు. పక్కవాళ్ళలో కలిసిపోవడమే మా విద్య. అందులో మీ ఆవిడే ఫస్టు."

కురమోచి తల దించుకున్నాడు. అంత బాగా పాడబట్టే ఆమె ఆయనకు దొరకకుండా పోయింది.

ఇగరాషి టీ కప్పు పక్కకు జరిపింది. తరువాత చివరి పాట పెట్టమంది. మధ్యలో అందరూ ఆగే చోటు రాగానే, ఇక్కడ వినమని వేలెత్తింది. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు రవ్వంత ముందుగా లేచి, తడబడి ఆగింది. వెంటనే మిగతావాళ్ళు అందుకున్నారు.

ఆ గొంతే. అన్నం చల్లారిపోతోందన్న గొంతే. కురమోచికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఫుమియే ఆ రోజు అందరి ముందూ వంగి వంగి క్షమాపణ చెప్పుకుందని ఇగరాషి చెప్పింది. అంత తొందరెందుకని ఆయన అడిగాడు.

"మందిరం వెనక తలుపు తీసుకుని బస్సు డ్రైవర్ టోపీతో ఎవరో వచ్చారండీ. మీరే అనుకుంది."

"నేనెప్పుడూ రాలేదు."

"రాలేదు. అయినా ఏటా ఆ తలుపు వైపు చూస్తూనే పాడేది."

ఆయన కంప్యూటర్ ముందుకు జరిగాడు. అందులో గాయకుల పేరు ఉండాల్సిన చోట ఫుమియే పేరొక్కటే కొట్టాడు. మేష్టారైతే ఒప్పుకునేవారు కాదంది ఇగరాషి. చెరిపెయ్యమని మాత్రం అనలేదు.