జొన్నపిండిలో జీపు తాళం

ఆ రోజుల్లో భయపడటం నాకు ఇంటి పనుల్లో ఒకటి. పొద్దున లేచి వాకిలి ఊడ్చినట్టే, కాసేపు భయపడి ఆ తర్వాత మిగతా పనుల్లో పడేదాన్ని. ఉరుమంటే భయం, కరెంటు స్విచ్చంటే భయం, వికారాబాద్ స్టేషన్‌లో రైలు ఆగకముందే దిగేవాళ్లను చూస్తే భయం (వాళ్లెవరో నాకు తెలియదు, వాళ్ల తరఫున కూడా నేనే భయపడేదాన్ని). మెట్టనేల, రాతి గనులు తప్ప ఇంకేమీ చూడని నాలాంటి మనిషికి దేవుడు సముద్రం పిచ్చి ఉన్న మొగుణ్ణి ఇచ్చాడు.

మా ఆయన తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే మిషన్ సేటు దగ్గర జీపు నడిపేవాడు. ఒకసారి రాళ్ల లారీ వెంట కార్వార్ దాకా పోయి, అక్కడ సముద్రం చూసి వచ్చాడు. ఆ తర్వాత నెల రోజులు ఇంట్లో అదే మాట. "గన్ని నీళ్లు ఊకెనే పడి ఉన్నయే" అనేవాడు, ఎవరో దున్నకుండా వదిలేసిన పొలం గురించి చెప్పినట్టు. అప్పటినుంచి ప్రతి ఎండాకాలం, పిల్లలకు బడి సెలవులు ఇవ్వగానే, సేటును బతిమాలి నాలుగు రోజులకు జీపు అడిగి తెచ్చేవాడు. మా అత్తను, ఇద్దరు ఆడపిల్లలను, నన్ను ఎక్కించుకుని బషీరాబాద్ మీదుగా కర్ణాటకలో పడేవాడు. సేటు మంచివాడే. బండి ఇచ్చేటప్పుడు మాత్రం ఒక మాట అనేవాడు: "బండి పోయినట్టు పోయి వచ్చినట్టు రావాలె. అది రాకుంటే నువ్వు గూడ రాకు." నవ్వుతూనే అనేవాడు. మేముండే గది ఆ మిషన్ ఆవరణలోదే కాబట్టి, ఆ నవ్వు నాకు దారంతా గుర్తుండేది.

మొదటి రెండేళ్లు ఎలా పోయి వచ్చానో నాకే తెలియదు, ఎందుకంటే ఎక్కువసేపు కళ్లు మూసుకునే ఉన్నాను. కొండలు దిగే ఘాట్ రోడ్డు మీద ప్రతి మలుపు దగ్గరా జీపు ఆపించి, దిగి, పిల్లల చేతులు పట్టుకుని నడిచేదాన్ని. జీపు నా వెనకే మెల్లగా వచ్చేది. ఎదురుగా వచ్చే లారీల వాళ్లు, మా బండికి ఏదో అయిందనుకుని ఆగి అడిగేవాళ్లు. వెనక సీట్లోంచి మా అత్త తల బయట పెట్టి, "ఓ పిల్లా, నువ్వు గిట్ల నడిస్తే మనం నీళ్ల కాడికి చేరెసరికి నా మనుమరాండ్లకు పెండ్లిళ్లయితయి" అనేది. ఘాట్ దిగాక రోడ్డు సముద్రం ఒడ్డున పడేది. ఒక చోటైతే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క నది, నడుమ ఆ సన్నటి రోడ్డు మీద మేము. అందరూ కిటికీల్లోంచి చూసేవాళ్లు. నేను మాత్రం మా ఆయన చేతుల్లో ఉన్న స్టీరింగును చూసేదాన్ని. అది కాస్త ఇటు తిరిగినా నీళ్లే, అటు తిరిగినా నీళ్లే. ప్రపంచంలో ఇంత నేల ఉండగా ఈ రోడ్డును ఇక్కడే ఎందుకు వేశారో నాకు అర్థమయ్యేది కాదు.

మూడో ఏడు జరిగిందే ఇప్పుడు చెప్పబోయేది.

మా కాగ్నా ఏటిలో ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయాయంటే మళ్లీ వానలు పడితేనే రావడం. ఎండిన ఏటిలోకి బండ్లు దింపి, ఇసుకలో మూడు రాళ్లు పెట్టి వంట చేసుకుని, మొక్కు తీర్చుకుని రావడం మా దిక్కు మామూలు. అందుకే ఆ పొద్దున ఒక నిర్మానుష్యమైన ఒడ్డుకు చేరినప్పుడు, సముద్రం అంత దూరం జరిగి ఉండి, తడి ఇసుక గచ్చులాగా మెరుస్తుంటే, మా ఆయన దిగి మడమతో తొక్కి చూసి, "మస్తు గట్టిగున్నది. దించొచ్చు" అన్నాడు. జీపును నేరుగా ఆ ఇసుక మీదికి దింపాడు. పొద్దున వెళ్లిన నీళ్లు మధ్యాహ్నానికే తిరిగి వస్తాయని మాలో ఎవరికీ తెలియదు. నీళ్లన్నాక సంవత్సరానికి ఒకసారి కదా పోవడం, రావడం.

నేను పొయ్యి వెలిగించి రొట్టెలు చేశాను. మా అత్త మోకాళ్ల నొప్పులని జీపు దిగలేదు, చిన్నదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని అందులోనే కూర్చుంది. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోతూ, "తిన్నంక పిల్లలను నీళ్లల్లకెల్లి జీపుల తిప్పుత. పోయినేడు తిప్పినట్టు" అన్నాడు. పోయినేడు ఎలా తిప్పాడో నాకు తెలుసు. చక్రాలు అలల్లో పడి నీళ్లు అద్దం దాకా లేచాయి, పిల్లలు కేరింతలు కొట్టారు, నేను ఒడ్డున నిలబడి తెలిసిన దేవుళ్లందరినీ, తెలియని వాళ్లను ఇద్దరినీ మొక్కాను. ఈసారి మొక్కడం కన్నా సులువైన దారి కనిపించింది. జీపుకు తాళం వేలాడుతోంది. తీసి జొన్నపిండి సంచిలో అడుగుదాకా దూర్చేశాను. మా ఇంట్లో దాచవలసినది ఏదైనా జొన్నల్లోనే దాస్తాం. మా అమ్మ ముక్కుపుడక, అత్త పట్టీలు, అన్నీ జొన్నల్లోనే ఉండేవి. అందులో పెట్టింది ఎక్కడికీ పోదని నా నమ్మకం.

ఆ తర్వాత పెద్దదాన్ని వెంటబెట్టుకుని, సరుగుడు తోట అవతల ఉన్న బావి దగ్గరికి తాగే నీళ్ల కోసం పోయాను. తిరిగి వచ్చేసరికి పొయ్యి పక్కన తాటాకు మీద పన్నెండు బంగడ చేపలు వరుసగా పడుకుని ఉన్నాయి. మా ఆయన వాటి పక్కనే కూర్చుని తృప్తిగా చూస్తున్నాడు. నాకు చేపల కన్నా ముందు ఇంకోటి కనబడింది. నేను పోయేటప్పుడు జీపుకు చాలా దూరంలో ఉన్న నురగ ఇప్పుడు ముందు చక్రాన్ని నాకి వెనక్కి పోతోంది.

"నీళ్లొస్తున్నయి" అన్నాను.

"సముద్రమన్నంక నీళ్లు రావా?" అన్నాడు మా ఆయన.

"నిన్న ఘాట్ల గూడ గిట్లనే అన్నది," మా అత్త జీపులోంచి అందుకుంది. "బండి ఎనుకకు జారుతున్నదని. బండి నిలబడి ఉండె."

నా మాట ఎవరూ నమ్మకపోవడానికి కారణం నేనే. రెండేళ్లుగా పొద్దుకు పదిసార్లు ఏదో ఒకటి వస్తోందని, పడుతోందని, జారుతోందని చెప్పి చెప్పి మాటకు విలువ లేకుండా చేసుకున్నాను. ఇంకొక అల వచ్చి, ఈసారి పొయ్యి దాకా పాకి, నిప్పుల మీద పడి చుయ్యిమంది. ఆ చప్పుడుకు మా ఆయన లేచాడు. జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రాల కింది ఇసుక కొద్దికొద్దిగా జారి, గుంట పడుతోంది. ఆయన ముఖం అలా పాలిపోవడం నేను అంతకు ముందు చూడలేదు. ఎక్కి కూర్చుని తాళం కోసం చెయ్యి చాపాడు. తాళం లేదు.

జేబులు చూశాడు, తువ్వాలు దులిపాడు, సీటు కింద వెతికాడు. "తానం చేస్తుంటె పడ్డది. సముద్రంల పడ్డది" అన్నాడు. అని, సముద్రం వైపు చూశాడు. ఇప్పుడు చెబితే ఏమంటాడో అని భయం, చెప్పకపోతే ఏమవుతుందో అని అంతకన్నా భయం. చెప్పేముందు తాళం చేతికిస్తే నయమనుకుని సంచి కోసం చూశాను. పొయ్యి దగ్గర లేదు. జీపులో లేదు.

"పిండి సంచేది?" అన్నాను.

"ఓ పక్క బండి మునుగుతుంటె నీకు పిండి ఫికరా?"

"అది కాదు, సంచేది?"

"చేపలమ్మెటామెకు ఇచ్చిన. పైసలెందుకని. సగమున్న సంచికి పన్నెండిచ్చింది. మంచి బేరం" అన్నాడు. మా ఊళ్లో కూరగాయలవాళ్లకు జొన్నలిచ్చి కొనుక్కునే అలవాటు ఆయన్ను సముద్రం దాకా వదల్లేదు.

ఇసుకలో ఆమె అడుగులు పోయిన దిక్కు నేను పరుగెత్తాను. వెనక నుంచి "ఏడికి పోతున్నవే" అని మా ఆయన కేక, "భయమెక్కువై మతి పోయినట్టున్నది" అని మా అత్త గొంతు వినిపించాయి. ఇసుకలో పరుగు కలలో పరుగులాంటిది, ఎంత పరుగెత్తినా అక్కడే ఉన్నట్టుంటుంది. పరుగెత్తుతూ లెక్క వేసుకున్నాను: బండి పోతే సేటు పని పోతుంది, పని పోతే గది పోతుంది, గది పోతే పిల్లల బడి పోతుంది. ఇవన్నీ ఒక్క గుప్పెడు పిండిలో ఉన్నాయి. నేను చేరేలోపు ఆమె ఆ పిండిని ఎవరికైనా ఇచ్చేస్తే, పాత పిండని పశువులకు పోస్తే, అని దారంతా కొత్త కొత్త భయాలు పుట్టించుకున్నాను. భయపడటంలో నాకు అనుభవం ఉండబట్టి సరిపోయింది.

పడవలు ఒడ్డుకు లాగి పెట్టిన చోట ఆమె కనబడింది. గంప పక్కన మా సంచి. నా పుట్టిల్లు బషీరాబాద్ దగ్గర కాబట్టి కొంచెం కన్నడం వచ్చు. "అక్కా, హిట్టు, హిట్టు" అంటూ సంచి మీద పడ్డాను. హిట్టు అంటే పిండి. పిండి వెనక్కి గుంజుకోవడానికి వచ్చాననుకుని ఆమె సంచిని రెండు చేతులా పట్టుకుంది. చేపలు తిని పిండి అడుగుతావా అన్నట్టు గట్టిగానే ఏదో అంది. నేను సంచి వదల్లేదు, ఆమె వదల్లేదు. చివరికి నేను ఆమె చేతుల మధ్యలోంచే నా చెయ్యి మోచేతి దాకా పిండిలో దూర్చి తాళం బయటికి తీశాను. ఆమె తాళాన్ని చూసింది, తెల్లబడిన నా చేతిని చూసింది, నవ్వడం మొదలుపెట్టింది. "గాడి ఎల్లి?" అని అడిగింది, బండి ఎక్కడని. ఇసుక మీద అని చూపించాను. నవ్వు టక్కున ఆగిపోయింది. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ల వైపు తిరిగి ఒక్క కేక వేసింది. వాళ్లు ఆరుగురు, మోకు తీసుకుని నాకంటే ముందు పరుగెత్తారు.

మేము చేరేసరికి నీళ్లు జీపు మెట్టు దాకా వచ్చాయి. పిల్లలిద్దరినీ మా ఆయన అప్పటికే ఒడ్డుకు చేర్చాడు. మా అత్త మాత్రం కాళ్లు సీటు మీద పెట్టుకుని కూర్చుని ఉంది. "సేటు బండి ఇడిసిపెట్టి నేను రాను. రేపు ఆయనకు జవాబెవరు చెప్తరు?" అంటోంది. మా ఆయన ఎంత బతిమాలినా దిగలేదు. నేను తాళం చేతికిచ్చాను. పిండి అంటుకుని ఉంది, అది మా అత్త కంట్లోనూ పడింది.

"ఏడ దొరికింది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు మా అత్త, "నేనే పిండిల పెట్టిన రా. ఏడనన్న పోతదని. నువ్వు పొయ్యి చేపలకు ఇస్తవని నాకేమెరుక" అంది.

ఆయన తల్లినేమీ అనలేడు. ఎక్కి తాళం తిప్పాడు. రెండుసార్లు మూలిగి ఊరుకుంది. మూడోసారి అంటుకుంది. ఆ ఆరుగురూ మోకు కట్టి, వల లాగేటప్పటి పాటేదో పాడుతూ లాగారు. వాళ్ల వెనక చేపలామె పట్టుకుంది, ఆమె వెనక నేను పట్టుకున్నాను. జీపు కదలలేదు, కదలలేదు, ఒక పెద్ద అల వెనక్కి పోతూ ఇసుకను వదిలినప్పుడు ఒక్క ఊపున పైకి వచ్చింది. మా అత్త అందులో మహారాణిలాగా కూర్చునే వచ్చింది.

తిరుగు దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు, మా ఆయన టైర్లు చూస్తుంటే, నేను అత్త పక్కకు జరిగి, "నన్ను కాపాడినవ్ అత్తా" అన్నాను. "నీ ధైర్యం నాకు రాదు. నీళ్లు అంత దాక వచ్చినా బండి ఇడవకపోతివి" అన్నాను.

ఆమె టీ ఊదుకుంటూ, "ధైర్యమా? దిగి ఆ నీళ్లల్ల కాలు పెట్టాల్నంటె భయమై కూసున్న. గా సంగతి వానికి చెప్పకు" అంది.

అత్త పోయి ఆరేళ్లయింది. పోయిన ఎండాకాలం మా పెద్దబిడ్డ తన కారులో మమ్మల్నిద్దరినీ అదే దారిన తీసుకుపోయింది. ఇప్పుడు నాకు అక్షరాలు వచ్చు, దారి పొడుగునా ఉన్న బోర్డుల్లో తెలుగువి అయిపోయేదాకా చదువుకుంటూ పోయాను. సముద్రం పక్కన ఒక గోడ మీద ముగ్గురం కూర్చున్నప్పుడు, ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్న మాట మా ఆయనకు చెప్పాను. "గా తాళం పిండిల పెట్టింది నేను" అన్నాను.

"నాకెరుకే" అన్నాడు, చాలా మామూలుగా.

"ఎట్లెరుక?"

"మా అమ్మ అబద్ధమాడితె నా మొఖం దిక్కు చూడదు. గా రోజు సముద్రం దిక్కు చూసుకుంట చెప్పింది."

"మరి నన్నెందుకు అడగలె?"

"అడిగితె నువ్వు, బండి ఇసుకలకు ఎందుకు దించినవని అడుగుతుంటివి. దానికి నా కాడ జవాబు లేకుండె. గా రోజు నాకు గూడ భయమైంది. సేటు ఎల్లగొడితె మిమ్ములను ఏడ పెట్టాల్నని" అన్నాడు.

అంటే ఆ జీపులో పిల్లలు తప్ప అందరమూ భయపడుతూనే ఉన్నాం. దాన్ని పైకి అన్నది మాత్రం నేనొక్కదాన్నే, పిరికిదానినన్న పేరూ నాదే. ఘాట్ రోడ్డు మీద పిల్లల చేతులు పట్టుకుని నడిచిన ఆ ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఎక్కడైనా కనబడితే, నీ పక్కనున్న వాళ్లను కూడా ఒకసారి సరిగ్గా చూడు తల్లీ అని చెప్పాలనిపించింది.

మళ్లీ కారెక్కాం. మా బిడ్డ వాళ్ల నాయన కూతురే కదా, సముద్రం ఒడ్డు రోడ్డు మీద పడగానే జోరు పెంచింది. "జర మెల్లగ పో బిడ్డా" అన్నాను వెనక నుంచి. "నువ్వు మారవమ్మా" అని నవ్వింది. ముందు సీట్లో మా ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూ, తలుపు పైన ఉన్న పిడిని మాత్రం రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.