సువార్తకు రాలేదని నిలదీస్తే

ఈ రోజు ఆరాధన అయ్యాక చర్చి ముందు మా సంఘ పెద్ద అందరి ఎదుటా నన్ను నిలదీశారు. ఆదివారాలు ఆరాధన అయ్యాక ఊళ్లో సువార్త కరపత్రాలు పంచడానికి మా వాళ్లతో కలిసి కొన్నాళ్లుగా నేను వెళ్లడం లేదు. ఆ వేళకు నేను మా పక్కింటి నాగమ్మ దగ్గర ఉంటున్నాను. గట్టు దగ్గర పత్తి చేనుకు కూలికి పోయి వస్తూ ఆమె ట్రాక్టర్ మీంచి పడింది. తొడ ఎముక విరిగి మంచంలో ఉంది. భర్త వలస పనికి వెళ్లాడు. వాళ్లింట్లో పూజలందుకునేది ఎల్లమ్మ.

"ఆమెకు వాక్యమన్నా చెప్పినవా?" అని అడిగారు పెద్ద.

"లేదన్నా. నీళ్లు కాగబెట్టి ఒళ్లు తుడిచిన. తల దువ్వి, జర బువ్వ తినబెట్టిన."

"గట్లయితే అదేం సువార్త?"

నాకు కోపం ఆగలేదు. "యేసు శిష్యుల కాళ్లు కడిగిండు గదన్నా. కడిగి, చేతిల కరపత్రం పెట్టిండా?" అన్నాను.

నేను చూసుకుంటున్న మహిళా కూడికల బాధ్యత నుంచి తీసేస్తామన్నారు. తీసేయమన్నాను.

మధ్యాహ్నం నాగమ్మ ఇంట్లో నీళ్లు కాగబెడుతుంటే పెద్దగారి భార్య వచ్చింది. కొంగు నడుముకు చుట్టి, "తువ్వాల ఏడుంది చెల్లె?" అంది.

వచ్చే ఆదివారమూ నేను కరపత్రాలకు పోను. మీ సంఘంలో అయితే నన్నేమంటారో కింద రాయండి. తీరిగ్గా చదువుతాను, ఇప్పుడు నాగమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టే వేళయింది.